ఒక్కడే సభ్యుడైన సంఘం

నెలజీతం లేక, పనికింతని పుచ్చుకొంటూ, ఇంట ఒంటరిగా కూర్చుని అక్షరాలకూ పుటలకూ రూపం దిద్దే వృత్తిని నేడు ఫ్రీలాన్స్ డిజైనింగ్ అంటున్నాం. ఇది కంప్యూటర్లతో పుట్టిన బ్రతుకుతెరువనీ, దాని బాధలూ కొత్తవేననీ చాలామంది భావన. విలియం ఆడిసన్ డ్విగ్గిన్స్ జీవితం చదివినప్పుడు నాకట్లా అనిపించలేదు.

డ్విగ్గిన్స్ 1880లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో జన్మించాడు. షికాగోలో ఫ్రెడరిక్ గౌడీ వద్ద అక్షరలేఖనం నేర్చాడు. స్వరాష్ట్రంలో అచ్చుకూటం పెట్టి నెగ్గుకురాలేక, 1904లో గౌడీ వెంట బోస్టన్ చేరువనున్న హింగమ్ అనే చిన్న ఊరికి వచ్చాడు. రెండేళ్ళకే గురువు న్యూయార్కు తరలిపోయాడు. శిష్యుడు మాత్రం 1956లో కన్నుమూసేదాకా ఆ ఊరు విడువలేదు.

వ్యాపార ప్రకటనలే అతనికి కూడు పెట్టాయి. ఆ పనిలో నేడు గీసినది రేపటికి చిత్తుకాగితం. డబ్బిచ్చేవాని అభిరుచి ఎంతవరకో గీత అంతవరకే. బాగుందనో బాగులేదనో చెప్పడానికి ప్రక్క బల్ల వద్ద మరొకరుండరు.

ఈ ఒంటరితనానికి అతడు కనిపెట్టిన విరుగుడు విచిత్రమైనది. ‘సొసైటీ ఆఫ్ కాలిగ్రాఫర్స్’ అనే లేని సంఘాన్ని ఊహించి, దాని పేర ప్రచురణలు వెలువరించాడు. డాక్టర్ హెర్మన్ ప్యూటర్‌షైన్ అనే పండితుణ్ణీ సృష్టించాడు. 1919లో ఆ సంఘం పేర వచ్చిన చిన్న పుస్తకం, అమెరికా పుస్తకాల భౌతికస్వరూపంపై జరిగినట్లు చెప్పిన ఒక విచారణ. అందులో కల్పిత సాక్షులు, వారి వాంగ్మూలాలు, 1910 నుండి పుస్తకాల నాణ్యత ఎట్లా పాతాళానికి జారిందో చూపే గ్రాఫు! నవ్వకుండా ఉండలేం. అయితే ఒంటరివాడు చెబితే సణుగుడుగా తోచేది సంఘం చెబితే నివేదిక అవుతుందని అతనికి బాగా తెలుసు. సాటివారు లేని లోటు కూడా ఆ నవ్వు వెనుక ఉన్నదని నా అనుమానం.

1920ల తొలినాళ్ళలో మధుమేహం బయటపడింది. ఇన్సులిన్‌ను మనిషికి తొలిసారి ఎక్కించినది 1922 జనవరిలో, టొరంటోలో. అంతదాకా ఆ జబ్బు తరచు మరణశాసనమే. జబ్బుపడితే జీతమిచ్చే యజమాని లేడు. ఇట్టి స్థితిలో ఎవరైనా చేతనున్న పనిని గట్టిగా పట్టుకుంటారు. అతడు దాన్నే వదలుకున్నాడు. ఇక పస్తున్నా సరే, నాసిరకపు ప్రకటనలు గీయనని నిశ్చయించుకున్నాడు. దీన్ని సాహసమనాలో, మిగిలిన రోజుల లెక్క అనాలో నాకు తోచదు.

పస్తులుండవలసిన అవసరం రాలేదు. 1926లో విల్లా కేథర్ నవల ‘మై మోర్టల్ ఎనిమీ’తో మొదలుపెట్టి నాఫ్ ప్రచురణ సంస్థకు దాదాపు 300 పుస్తకాలు తీర్చిదిద్దాడు. ప్రకటనల కూర్పుపై 1928లో వ్రాసిన గ్రంథంలో మంచి ఖతులు లేవని ఫిర్యాదు చేయగా, లైనోటైప్ కంపెనీ వారు అయితే మీరే గీయండన్నారు. అట్లా మెట్రో, ఆపై 1935లో ఎలక్ట్రా, కొంతకాలానికి కాలిడోనియా వచ్చాయి. హింగమ్‌లోని గది నుండి బ్రూక్లిన్‌లోని కంపెనీకి బొమ్మలూ ఉత్తరాలూ టపాలో వెళ్ళేవి, అక్కడి చాన్సీ గ్రిఫిత్ నుండి జవాబులు వచ్చేవి. ఇప్పటికి జవాబిచ్చే నిజమైన మనిషి దొరికాడు.

1940లలో డొరొతీ ఆబీ అనే సహాయకురాలు పనిలో తోడయింది. వారిద్దరూ కలిసి నడిపిన చిన్న ముద్రణకు పెట్టుకున్న పేరు ‘ప్యూటర్‌షైన్-హింగమ్’.