మనస్సాక్షి వాఙ్మూలం

చార్మినారు నుండి పడమరకు సాగే లాడ్ బజారు లక్క గాజులకు ప్రసిద్ధి. లక్కను సెగపై మెత్తబరచి, వలయంగా వంచి, రాళ్ళు పొదిగే ఈ పనితనానికి 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. అచ్చంగా ఒకేరకమైన నాలుగు జతల నుండి ఒక ఇల్లాలు ఒక జతను ఎన్నుకొన్నదనుకొందాం. "అదే ఎందుకమ్మా?" అంటే "దీని మెరుపు బాగున్నది" అంటుంది. ఆమె అబద్ధమాడుట లేదు. మనస్సు తనకు చెప్పినదే చెప్పుచున్నది. మనస్సు మాత్రం నిజం చెప్పినదా?

తనలోనికి తాను చూచుకొని చెప్పుటను అంతఃపరిశీలన అంటారు. 1879లో లైప్‌జిగ్ నగరాన ప్రయోగశాల నెలకొల్పిన విల్‌హెల్మ్ వుంట్ దీనికి హద్దు గీసినాడు: శబ్దం, కాంతి వంటి సరళానుభవాలను వెంటనే చెప్పించవచ్చును గాని ఆలోచనను ఈ విధాన పట్టలేమన్నాడు. తరువాతివారు ఆ హద్దు దాటినారు. 1901లో కార్ల్ మార్బె రెండు బరువులనిచ్చి ఏది ఎక్కువో చెప్పమన్నాడు. అందరూ చెప్పగలిగినారు, ఆ తీర్పు మనస్సులో ఎట్లు పుట్టినదో మాత్రం చెప్పలేకపోయినారు. బొమ్మలు లేని ఆలోచన కలదని మార్బె పనిచేసిన వుర్త్స్‌బర్గ్ పండితులు, లేదని అమెరికాలో టిచెనర్ వాదులాడుకొన్నారు. రసాయనశాస్త్రంలోనైతే ఇట్టి తగవును త్రాసు తీర్చును. ఇక్కడ తూచవలసిన వస్తువు చూచేవాని లోపలే కలదాయె!

విసిగిన వాట్సన్ 1913లో అంతఃపరిశీలననే వెలివేసినాడు. ఎలుకల బాధకు ఇల్లు తగులబెట్టినట్లే ఇది. చిత్రమేమంటే, ఆ తరువాత ప్రయోగశాలల్లో మిగిలినవి ఎక్కువగా ఎలుకలే.

గాజుల ప్రశ్నకు సమాధానం అమెరికాలో ఒక అంగడిలో దొరికినది. నిస్బెట్, విల్సన్ అనువారు ఒకేరకపు మేజోళ్ళను నాలుగు జతలు వరుసగా పెట్టి, నాణ్యమైనది ఏదో చెప్పమన్నారు. ఎడమ చివరి జతను నూటికి 12 మంది, కుడి చివరి జతను 40 మంది ఎన్నుకొన్నారు. కారణమడిగితే నేత అన్నారేగాని, ఉన్న చోటును ఎవరూ పేర్కొనలేదు. చోటు ప్రభావమేమో అంటే దాదాపు అందరూ కాదన్నారు. 1977లో ప్రకటించిన వ్యాసంలో వారు తేల్చినదిది: మనం చెప్పే కారణం లోపల చూచి చెప్పినది కాదు, ప్రక్కనున్నవాడు ఊహించి చెప్పగలిగినదే.

2010లో స్వీడన్ పరిశోధకులు మరింత చిలిపి పని చేసినారు. రెండు పండ్లపాకాలు రుచి చూపి, నచ్చినదానికి బదులు రెండవదానినే మళ్ళీ తినిపించినారు. మార్పును కనిపెట్టినవారు మూడవవంతుకు తక్కువే. తక్కినవారు తాము ఎన్నుకొనని రుచినే మెచ్చుకొన్నారు.

ఐతే ఈ సాక్షిని పూర్తిగా త్రోసివేయుట తొందరపాటు. 2013లో ఫ్రాన్సు పరిశోధకులు, రెండు ఫోటోలలో ఒకదానిని ఎన్నుకొన్నవారిచేత ఆ క్షణాన్ని నెమ్మదిగా స్మరింపజేసినారు. "ఎందుకు" అనక "ఎట్లు" అని అడిగినారు. ఆపైన ఫోటో మార్చి ఇస్తే, మామూలుగా మూడింట ఒకరు పట్టే మోసాన్ని పదింట ఎనిమిదిమంది పట్టినారు. అడిగే తీరునుబట్టి వాఙ్మూలం మారుచున్నదన్నమాట.

రోగి పంటినొప్పి అన్నప్పుడు, నొప్పి కలదనుటకు అతని మాటను మించిన సాక్ష్యం వైద్యునివద్ద లేదు. ఏ పన్ను అని అడిగినప్పుడు మాత్రం, రోగి వ్రేలు చూపినా వైద్యుడు ప్రక్క పండ్లను కూడా తట్టి చూచును.