కొండ నుంచి కళాశాలకు: మన చదువుల దారి

శ్రీకాకుళం, విజయనగరం మన్యంలో సవర, జాతాపు, గదబ, కొండదొర పిల్లలు ఎంతవరకు చదివారన్నది వారి తెలివిని బట్టి తేలలేదు. బడి ఎంత దూరంలో ఉంది? పాఠం ఏ భాషలో చెప్పారు? చెప్పే మాస్టారు ఊళ్ళో ఉన్నారా? ఈ మూడింటిని బట్టే తేలింది.

మైదానానికి పెద్ద చదువు ముందే వచ్చింది. విజయనగరంలో మహారాజా వారి బడి 1879లోనే కళాశాల అయింది. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడి, తరువాత వాల్తేరుకు చేరింది. కొండ మీద మాత్రం ఓనమాలు నేర్పే బడే అరుదు. ఆ రోజుల్లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగు వెంకట రామమూర్తి సవర భాష నేర్చుకున్నారు. ఆ భాషలో వాచకాలు రాశారు, సొంత డబ్బుతో సవర పిల్లలకు బడులు పెట్టారు. ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. పిల్లవాడి ఇంటి మాటతోనే చదువు మొదలవ్వాలని ఆయన అప్పుడే చూపించారు. అయినా ప్రభుత్వ బడుల్లో సవర వంటి గిరిజన భాషల్లో పాఠాలు మొదలయ్యేసరికి 2004 ప్రాంతం వచ్చింది.

1967-70 నాటి గిరిజన పోరాటం భూమి కోసం, కూలి కోసం, షావుకార్ల అప్పుల మీద జరిగింది. దాన్ని నడిపిన వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం ఇద్దరూ బడిపంతుళ్ళే. ఆ తరువాతే ప్రభుత్వం మన కొండల వైపు కాస్త చూసింది. సీతంపేట, పార్వతీపురంలో ఐ.టి.డి.ఏ.లు వచ్చాయి. ఆశ్రమ పాఠశాలలు, హాస్టళ్ళు పెరిగాయి. మనలో చాలామందిమి ఆ హాస్టల్ అన్నం తిని చదువుకున్నవాళ్ళమే.

2000 జనవరిలో వచ్చిన జీవో నంబర్ 3 షెడ్యూల్డ్ ప్రాంతాల టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చింది. మన భాష తెలిసిన మాస్టారు మన ఊళ్ళో ఉంటాడన్న భరోసా అది. చదివితే ఊళ్ళోనే ఉద్యోగం ఉందని తల్లిదండ్రులు నమ్మి పిల్లల్ని పై చదువులకు పంపారు. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ జీవోను కొట్టివేసింది. అప్పటికే చేరినవారి ఉద్యోగాలు నిలిచాయి. వెనక వచ్చే పిల్లలకు ఆ భరోసా పోయింది.

మరోవైపు 2014 రాష్ట్ర విభజన చట్టం ఆంధ్రప్రదేశ్‌కు గిరిజన విశ్వవిద్యాలయం ఇస్తానంది. 2019లో విజయనగరం దగ్గర కొండకరకంలో, తాత్కాలిక భవనాల్లో, తరగతులు మొదలయ్యాయి. సొంత భవనాలకు 2023 ఆగస్టులో మెంటాడ, దత్తిరాజేరు మండలాల్లో శంకుస్థాపన జరిగింది. ఒకప్పుడు వాల్తేరులో ఉన్న విశ్వవిద్యాలయం ఇప్పుడు మన కొండల కిందికే వచ్చింది.

దూరం తగ్గింది. మరి పిల్లలు అందులో చేరుతున్నారా? డిగ్రీ సీటుకు దేశమంతటికీ ఒకటే కంప్యూటర్ పరీక్ష పెడుతున్నారు. దాని దరఖాస్తు గడువు సాధారణంగా ఇంటర్ ఫలితాలు రాకముందే ముగిసిపోతుంది. ఈ సంగతి తెలియక ఆగిపోయిన పిల్లవాడికి ఆ విశ్వవిద్యాలయం పక్క ఊళ్ళో ఉన్నా ఒకటే, ఢిల్లీలో ఉన్నా ఒకటే.

కాబట్టి ఉపాధ్యాయులుగా మన పని పదో తరగతి ఫలితాలతో అయిపోదు. ఇంటర్ రెండో ఏడు మొదట్లోనే పిల్లలకు ఈ పరీక్ష గురించి చెప్పాలి. కుల ధ్రువపత్రం, ఆధార్‌లో పేరు, పుట్టిన తేదీ సరిగా ఉన్నాయో లేదో చూడాలి. దరఖాస్తు దగ్గరుండి నింపించాలి. యువతా, మీ వంతు కూడా ఉంది. ముందు వెళ్ళినవాళ్ళు వెనక వచ్చే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు దారి చెప్పండి. కొండ దారి ఒకరి వెనక ఒకరు నడిస్తేనే తెగకుండా ఉంటుంది.