పొదుగు కోడి: ఆస్పరి ప్రాంత గృహచరిత్రలో నమోదు కాని విద్య

వ్యాససంగ్రహం:
పెట్టను ఎంచి, పొదగవేసి, పిల్లలను సాకడం రాయలసీమ గ్రామీణ స్త్రీలు తరతరాలుగా నిలుపుకొంటూ వచ్చిన ఉత్పత్తి విద్య. తెలుగు సాహిత్యం పందెపు పుంజును కీర్తించింది. వలసపాలన నాటి గ్రంథాలు భూమిని, పశువును, పన్నును లెక్కించాయి. ఈ రెండింటి మధ్య పొదుగు కోడి చరిత్ర మరుగున పడింది. పశ్చిమ కర్నూలులోని ఆస్పరి పరిసరాలను ఆధారం చేసుకొని ఆ విద్య స్వరూపాన్ని, హేచరీల యుగంలో దానికి వచ్చిన మార్పును పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: పొదుగు కోడి, ఆస్పరి, గృహచరిత్ర, స్త్రీల జ్ఞానం, నాటుకోడి, హేచరీ.

1. ఉపోద్ఘాతం

తెలుగు సాహిత్యంలో కోడికి దక్కిన చోటు చిన్నది కాదు. పల్నాటి వీరగాథలో నాయకురాలు నాగమ్మకు, బ్రహ్మనాయుడికి మధ్య జరిగిన కోడిపందెం రాజ్యాల తలరాతను మార్చింది. ఓరుగల్లు నగర జీవితాన్ని చిత్రించిన క్రీడాభిరామంలోనూ కోడిపందెం ఉంది. కుక్కుటశాస్త్రం డేగ, కాకి, నెమలి, పింగళి అంటూ రంగులను విభజించి, వారాన్నీ వేళనూ బట్టి గెలుపోటములను నిర్ణయించింది. అయితే ఇవన్నీ పుంజు చరిత్రలే. ఆ పుంజును పొదిగిన పెట్ట గాని, ఆ పెట్టను ఎంచి గూటిలో కూర్చోబెట్టిన ఇల్లాలు గాని ఈ రచనలలో ప్రధానంగా కనిపించరు. బరిలో జరిగేది ఒక పూట పోరాటం. దాని వెనుక ఇంటి మూలన 21 రోజుల పొదుగు, ఆపై నెలల సాకుడు ఉంటాయి. చరిత్రకు ఎక్కింది మొదటిది, ఎక్కనిది రెండవది.

2. ప్రాంతం – ఆధారాలు

ఆస్పరి నేడు కర్నూలు జిల్లాలో మండల కేంద్రం. 1800లో నిజాం నుంచి ఈస్టిండియా కంపెనీకి దక్కిన దత్తమండలాలలో ఈ సీమ భాగం. ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 వరకు బళ్లారి జిల్లాలో ఉండి, ఆ సంవత్సరం అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు ఇటు చేరాయి. కనుక ఈ ప్రాంతపు పూర్వచరిత్రకు ముఖ్యమైన ముద్రిత ఆధారాలలో 1904లో డబ్ల్యూ. ఫ్రాన్సిస్ రూపొందించిన బళ్లారి జిల్లా గెజిటీరు ఒకటి. నేలలు, పంటలు, కరువులు, శిస్తు, చేతివృత్తులు అటువంటి గ్రంథాలకు ప్రధాన విషయాలు. శిస్తు పడని కోడి పాలనాయంత్రానికి పెద్దగా అక్కరలేదు. సుంకులమ్మ, మారెమ్మ వంటి గ్రామదేవతలకు ఇచ్చే బలుల సందర్భంలో కోడి మానవశాస్త్ర రచనలకు ఎక్కింది. 1916లో వెలువడిన హెన్రీ వైట్‌హెడ్ గ్రంథం అందుకు నిదర్శనం. అక్కడా కోడి బలిద్రవ్యమే తప్ప తల్లి కాదు. లిఖిత ఆధారం ఇంత పలచగా ఉన్నచోట పరిశోధకుడు భాషను, ఇంటి పనిముట్లను, ఆచారాలను ఆధారాలుగా స్వీకరించక తప్పదు.

3. పదంలో దాగిన చరిత్ర

తెలుగులో ‘పొదుగు’ నామవాచకంగా పాడిపశువు పాలతిత్తిని, క్రియగా గుడ్లపై కూర్చొని కాచడాన్ని, ఆభరణంలో రాయిని బిగించడాన్ని చెబుతుంది. బాణాలుండే అమ్ములపొది, మంగలి పొది, పొద, పొదరిల్లు అనే మాటలను పక్కన పెట్టి చూస్తే కప్పి ఉంచడం, లోపల ఇముడ్చుకోవడం అనే భావం వీటన్నిటిలోనూ వినిపిస్తుంది. ఆస్పరి సీమ తెలుగు, కన్నడ రెండూ వినబడే సరిహద్దు. కన్నడంలో ఇదే పనికి వాడే ‘కావు’ అనే మాట వేడిని సూచిస్తుంది. తమిళంలోని ‘అడైకాత్తల్’లో కాపలా భావం ఉంది. ఒకే పనిని ఒక భాష వేడిగా, ఒక భాష కాపలాగా, తెలుగు తనలో ఇముడ్చుకోవడంగా చూశాయి. ఈ మూడూ పొదుగు కోడి చేసే పనులే.

4. పెట్టను ఎంచడం

గుడ్డు పెట్టే ప్రతి కోడీ పొదుగుకు పనికిరాదు. పొదుగుకు వచ్చిన పెట్ట గూడు విడవదు. ఈకలు ఉబ్బించి, చేయి చాచితే పొడుస్తుంది. గొంతు మార్చి కొక్కొక్కమంటూ తిరుగుతుంది. తురాయి ఎరుపు తగ్గుతుంది. పొట్టకింది ఈకలు రాలి చర్మం గుడ్డుకు నేరుగా తగులుతుంది. ఈ లక్షణాలు కనబడినా అనుభవజ్ఞులు వెంటనే గుడ్లు అప్పగించరు. ఒకటి రెండు పనికిరాని గుడ్లను కింద ఉంచి, రెండు మూడు రోజులు నిలకడగా కూర్చుంటుందో లేదో చూస్తారు. చోటు మార్చవలసివస్తే రాత్రివేళ మారుస్తారు. చీకటిలో కోడి బెదరదు, తెల్లవారేసరికి కొత్త గూటికి అలవాటుపడుతుంది.

ఒళ్లు విశాలంగా, ఈక దట్టంగా, కాళ్లు పొట్టిగా, స్వభావం నెమ్మదిగా ఉండి, ఇంతకుముందు పిల్లలను బతికించిన పెట్టకు మొదటి స్థానం. పేలు పట్టిన కోడిని ఎన్నరు. దురదకు అది గూటిలో నిలవదు, పేలు పుట్టిన పిల్లలకూ ఎక్కుతాయి. గూటిలో వేపాకు, బూడిద వేయడం ఇందుకే. ఎంపికలో రూపం కంటే నడవడికి ప్రాధాన్యం ఇవ్వడం గమనించదగినది. కుక్కుటశాస్త్రం ఈక రంగును చదివితే, ఇల్లాలు కోడి స్వభావాన్ని చదివింది.

5. గుడ్డు – గూడు – 21 రోజులు

గుడ్లు పోగయ్యే కాలంలో అసలు శత్రువు ఎండ. సుమారు 21 డిగ్రీల సెల్సియస్‌కు దిగువన గుడ్డులోని పిండం నిద్రావస్థలో ఉంటుంది. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఈ సీమలో, పొదగకముందే పిండం కొంత కదిలి, సరైన వేడి అందక చనిపోతుంది. నీళ్లకుండ పక్కన తడి ఇసుకపై గుడ్లను ఉంచే పద్ధతికి తర్కం ఇదే. నీరు ఆవిరయ్యేటప్పుడు చల్లదనం పుడుతుంది. వేసవిలో మూడు నాలుగు రోజులకు మించి, చలికాలంలో వారానికి మించి నిలవ ఉన్న గుడ్లను పొదగవేయకపోవడం మేలు.

కోడి పరిమాణాన్ని బట్టి 10 నుంచి 13 గుడ్లు పెడతారు. రెక్కల కిందికి రాని గుడ్డు చల్లబడుతుంది. కోడి గుడ్లను అటూ ఇటూ మార్చుకుంటుంది కనుక ఒకటి ఎక్కువైతే ఒక్కటే కాదు, వంతులవారీగా అనేకం చెడతాయి. గుడ్లను బేసి లెక్కలో పెట్టడం, ఉరుముల భయంతో గూటిలో ఇనుపముక్కో బొగ్గో ఉంచడం గ్రామీణాచారాలు. వీటిని స్థానిక మూఢనమ్మకాలుగా కొట్టివేసే ముందు ఒక విషయం గుర్తుంచుకోవాలి. క్రీ.శ. 1వ శతాబ్దపు రోమన్ రచయిత కొలుమెల్లా తన వ్యవసాయ గ్రంథంలో గుడ్లు బేసి సంఖ్యలో ఉండాలనీ, ఉరుముల నుంచి కాపాడటానికి గూటిలో ఇనుప మేకులు పెడతారనీ రాశాడు. సంబంధం లేని రెండు సమాజాలు ఒకే అనిశ్చితిని ఒకే రీతిలో ఎదుర్కొన్నాయి.

వారం గడిచాక చీకటిలో గుడ్డును దీపం ముందు పట్టి చూస్తే జీవం ఉన్నదానిలో ఎర్రని నరాలు కనిపిస్తాయి. తేటగా ఉన్నదానిని తీసివేస్తారు. లేకుంటే మురిగి పగిలి తక్కినవాటిని చెరుస్తుంది. కోడి రోజుకు ఒకసారి కొద్ది నిమిషాలు మాత్రమే లేస్తుంది. ఆ కొద్దిసేపట్లో నీరు, గింజ దగ్గరలో లేకుంటే వెతుకులాటలో గుడ్లు చల్లబడతాయి. చివరి మూడు రోజులు గూటిని ముట్టుకోకపోవడం నియమం.

6. పిల్లల సాకుడు – ఆస్తి

పుట్టిన పిల్ల గుడ్డుసొనలో మిగిలిన భాగాన్ని కడుపులో ఇముడ్చుకొని వస్తుంది. దానితో రెండు రోజుల వరకు మేత లేకుండా నిలవగలదు. ఆలస్యంగా పుట్టే పిల్లల కోసం తల్లి గూటిలోనే ఆగడానికి ఈ ఏర్పాటు వీలు కల్పిస్తుంది. ఆధునిక హేచరీలు ఒకరోజు పిల్లలను పెట్టెలలో దూరప్రాంతాలకు పంపగలుగుతున్నదీ దీని బలంతోనే. తల్లి కోసం ఏర్పడిన వ్యవధి తల్లి లేని వ్యాపారానికి పునాది అయింది.

తొలి వారాలలో నూకలు, కొర్రలు, చెదపురుగులు మేత. గద్ద, కాకి, పిల్లి, ముంగిస నుంచి రక్షణకు గంప. మేదర, ఎరుకల కుటుంబాలు అల్లిన గంప ఈ చరిత్రకు మిగిలిన భౌతిక ఆధారం. రెండు కోళ్లను ఒకేరోజు పొదగవేసి, పుట్టిన పిల్లలన్నిటినీ రాత్రివేళ ఒకే తల్లి కిందకు చేర్చి, రెండవ పెట్టను తిరిగి గుడ్డుకు వదలడం అనుభవం నేర్పిన లెక్క. గుడ్లు పెట్టడానికి దాదాపు 20 రోజులు, పొదగడానికి 21, సాకడానికి రెండు నెలలు అనుకుంటే ఒక నాటుపెట్టకు ఏడాదిలో మూడు నాలుగు దఫాలకు మించి సాగవు. ఏటా 40 నుంచి 60 గుడ్లన్న అంచనా దీనితో సరిపోతుంది.

ఈ సంపద ఎక్కువగా స్త్రీ చేతిలో ఉండేది. భూమి పట్టా మగవాడి పేర ఉన్న ఇంటిలోనూ కోడి అమ్మిన డబ్బు ఇల్లాలిదే. తూర్పు గోదావరి ఏజెన్సీ గ్రామాలలో ఆంత్ర సంస్థ పరిశీలించిన ‘వాటా’ పద్ధతిలో కోడి లేని స్త్రీ మరొకరి పెట్టను సాకి, పిల్లలలో భాగం పొంది, తానూ పెట్టకు యజమాని అవుతుంది. మూలధనం లేనివారికి మూలధనం సమకూర్చే ఈ ఏర్పాటు పూర్తిగా పెట్ట పొదిగే గుణంపైనే ఆధారపడి ఉంది.

7. పొదుగు లోపమైన కాలం

పొదిగే కోడి ఆ కాలమంతా గుడ్డు పెట్టదు. గుడ్డు ఒక్కటే లక్ష్యమైనప్పుడు పొదుగు నష్టంగా కనిపిస్తుంది. పొదుగు మాన్పడానికి పెట్టను నీళ్లలో ముంచడం, ముక్కులో ఈక గుచ్చడం వంటి పద్ధతులు పల్లెల్లోనూ ఉన్నాయి. అయితే అవి ఒక కోడికి, ఒక సమయానికి పరిమితం. ఆధునిక పెంపకం ఈ గుణాన్ని వంశంలోనే తగ్గించింది. ప్రొలాక్టిన్ అనే హార్మోను కోడిని పొదుగుకు కూర్చోబెడుతుందని 1935లో రిడిల్, బేట్స్, లార్ ప్రయోగపూర్వకంగా చూపారు. అప్పటికే వైట్ లెగ్‌హార్న్ వంటి జాతులలో పొదుగు దాదాపు కనుమరుగై ఉంది. 1971లో హైదరాబాదులో డాక్టర్ బి.వి. రావు వెంకటేశ్వర హేచరీస్‌ను స్థాపించడంతో తెలుగునాట కోళ్ల పరిశ్రమ కొత్త దశకు చేరింది. గుడ్డు సామాన్యుడికి అందుబాటులోకి రావడంలో ఈ పరిశ్రమ పాత్రను తక్కువ చేయడం చరిత్రకు న్యాయం కాదు.

పెరటి పెంపకం కోసం రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంచాలకాలయం వనరాజా, గ్రామప్రియ కోళ్లను రూపొందించింది. వనరాజా ఏడాదికి వంద పైచిలుకు గుడ్లు పెడుతుంది. ఇవి నాటుకోడికంటే ఎక్కువ గుడ్లు ఇస్తాయి గాని పొదగవు. వాటి గుడ్లను నాటుపెట్ట కిందనే పెట్టాలి, లేదా ఏటేటా పిల్లలను కొనాలి. 2019 పశుగణన ప్రకారం దేశంలో పెరటి కోళ్లు సుమారు 31.7 కోట్లు. అంతకు ముందరి గణనతో పోల్చితే పెరుగుదల దాదాపు 46 శాతం. సంఖ్య పెరిగింది సరే, వాటిలో పొదిగేవి ఎన్ని అన్న ప్రశ్నకు ఈ అంకె జవాబు చెప్పదు.

8. ముగింపు

కోడి ఉన్న ఇల్లు వేరు, కోడిని తిరిగి పుట్టించుకోగల ఇల్లు వేరు. వానను నమ్ముకొని బతికే ఆస్పరి వంటి సీమలో పంట పోయిన ఏడాది కూడా ఒక పెట్ట, డజను గుడ్లు ఉంటే మూడు వారాలలో మళ్లీ మొదలుపెట్టడానికి వీలుంది. పిల్లలను కొనవలసిన ఇంటికి ఆ ఏడాది చేతిలో డబ్బు కావాలి. పొదుగు గుణం విలువను గుడ్ల సంఖ్యతో కాక ఈ వెసులుబాటుతో కొలవాలి.

పరిశోధనకు ఇక్కడ రెండు పనులు మిగిలి ఉన్నాయి. మొదటిది, పొదుగుకు, గూటికి, మురిగిన గుడ్డుకు, కోడి గొంతు మార్పుకు ఈ సరిహద్దు సీమలో ఉన్న మాటలను మాండలిక పదకోశాలలోకి ఎక్కించడం. రెండవది, కోడిని ఎంచే వృద్ధ స్త్రీల అనుభవాన్ని వృత్తిజ్ఞానంగా గుర్తించి నమోదు చేయడం. ‘గుడ్డు వచ్చి పిల్లను వెక్కిరించినట్టు’ అన్న సామెతలో గుడ్డు, పిల్ల ఉన్నాయి, తల్లి లేదు. తెలుగు గృహచరిత్రలో ఆ మూడవ స్థానాన్ని పూరించవలసి ఉంది.