క్షౌరపు కత్తి: సానరాయి, తోలుపట్టీ, పదును

పిడిలోకి మడుచుకునే, ఒక్క పక్కనే వాదర ఉన్న పలుచని ఉక్కు కత్తిని సంస్కృతంలో క్షురమనీ, తెలుగు పల్లెల్లో మంగలి కత్తి అనీ, హైదరాబాదు ఉర్దూలో ఉస్తరా అనీ వ్యవహరిస్తారు. వాదర అంటే ఆయుధానికి తెగే అంచు. అరిగిపోయిన వాదరను రాతి మీద నూరి మళ్లీ తీర్చడం సానపట్టడం. అలా తీర్చిన వాదరను క్షౌరానికి ముందు ప్రతిసారీ తోలుపట్టీ మీద అటూ ఇటూ తీసి కొసను సరిచేయడం వేరే పని. రాయి లోహాన్ని అరగదీస్తుంది, తోలు దాదాపుగా అరగదీయదు. గడ్డం హాయిగా తెగడానికి రెండూ కావాలి గనుక, ఈ కత్తి చరిత్రను దాని రాయి, తోలు చరిత్రల నుంచి విడదీసి చెప్పడం కుదరదు.

ఈ సరంజామాకు లభించే ప్రాచీన సాక్ష్యాల్లో విలువైనది బౌద్ధుల పాళీ వినయ పిటకంలోని చుల్లవగ్గం. భిక్షువులు తమ దగ్గర ఉంచుకోదగిన వస్తువులను చెప్పేచోట అది కత్తినే కాక, కత్తికి సానరాయిని, కత్తిని దాచుకునే ఒరను, ఉన్ని నుంచి చేసిన కంబళి ముక్కను కూడా పేర్కొని, మొత్తం క్షౌర సామగ్రికి అనుమతి ఇస్తుంది. తల నున్నగా గొరిగించుకోవడం సంఘ నియమమైనప్పుడు పదును నిలుపుకోవడం కూడా నియమంలో భాగమే అవుతుందని ఆ వాక్యం తెలియజేస్తుంది. అమరావతి, నాగార్జునకొండ వంటి ఆరామాల్లో భిక్షువులు శతాబ్దాల పాటు నివసించారు కాబట్టి కృష్ణా తీరానికి ఈ పని ఏనాటి నుంచో పరిచితమని భావించవచ్చు.

పదును ఎంతకాలం నిలుస్తుందనేది ముందుగా ఉక్కును బట్టి ఉంటుంది, ఆ విషయంలో తెలంగాణకు ప్రపంచ చరిత్రలోనే చోటుంది. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రంలో మూసిన మట్టి మూసల్లో కరిగించి తీసిన ఉక్కు ముద్దలను పారశీక వర్తకులు కొనుక్కుపోయేవారు; 1820ల తొలి సంవత్సరాల్లో ఆ ఊరికి వెళ్లిన భూగర్భ శాస్త్రజ్ఞుడు హెన్రీ వాయ్‌సీ కొలుముల పనితీరును వివరంగా రాసిపెట్టగా, ఆ రచన అతని మరణానంతరం 1832లో అచ్చయింది. ఐరోపావారు ఊట్జ్ అని పిలిచిన ఈ ఉక్కు పేరు దక్షిణాది భాషల ‘ఉక్కు’ నుంచే పుట్టిందని పండితుల అభిప్రాయం. 1794లో బొంబాయి నుంచి హెలెనస్ స్కాట్ లండనుకు పంపిన ఇటువంటి ఉక్కు నమూనాలు జేమ్స్ స్టోడార్ట్ అనే కత్తుల తయారీదారు చేతికి చేరాయి. సన్నని వాదర నిలుపుకోవడంలో దీనికి సాటి లేదని నమ్మిన అతడు, తరువాతి కాలంలో మైకేల్ ఫారడేతో కలిసి ఉక్కు మిశ్రమాలపై ప్రయోగాలు చేసి 1820, 1822లలో వ్యాసాలు ప్రకటించాడు. ఆ ప్రయోగాల్లో పుట్టిన ఉక్కుతో చేయించిన క్షౌరపు కత్తులను ఫారడే మిత్రులకు కానుకగా ఇచ్చాడు. విద్యుత్తు పరిశోధనలతో లోకానికి తెలిసిన శాస్త్రవేత్త తొలి కృషిలో దక్కను కొలుములకూ లండను కత్తులకూ ఇంత దగ్గరి సంబంధం ఉండటం తెలుగు పాఠ్యపుస్తకాల్లో చోటు దక్కవలసిన విషయం.

పల్లెలో ఈ వ్యవహారమంతా ఊరి కట్టుబాటు లోపలే సాగింది. కత్తిని కమ్మరి కొలిమిలో సాగగొట్టి ఇచ్చేవాడు. నూరుకోవడం, పదును చూసుకోవడం క్షురకుడి పని. కత్తి, కత్తెర, గోళ్లు తీసే గోరుగల్లు, సానరాయి, నీళ్ల గిన్నె పట్టే సంచిని అడపమనీ పొది అనీ అనేవారు. కమ్మరికీ క్షురకుడికీ కూలి డబ్బుగా కాక, పంట కళ్లంలో ఉండగా రైతు కొలిచి ఇచ్చే మేర రూపంలో అందేది. సబ్బు లేని ఆ రోజుల్లో నీటితో గడ్డాన్ని చాలాసేపు తడిపి రుద్దేవారు; వెంట్రుక నీరు పీల్చుకుని మెత్తబడితే కత్తి మీద భారం తగ్గుతుంది. తోలుపట్టీ దగ్గర లేనప్పుడు అరచేతి మీదనే కత్తిని తీసేవారు. ఏళ్ల పనితో గట్టిపడిన ఆ అరచేయి నిజంగానే తోలు పని చేసేది. ఇదే కత్తి సెగగడ్డలు కోయడానికీ ఉపయోగపడేది కాబట్టి, నేడు నాయీ బ్రాహ్మణులుగా పిలుచుకునే ఈ సమాజంలో క్షౌరంతో పాటు శస్త్రవైద్యం, మంత్రసానితనం, సన్నాయి వాద్యం కలిసి నడిచాయి.

సానపట్టడంలోని కీలకం కత్తి రూపంలోనే ఉంది. వంటింటి కత్తిని నూరేవారు కోణాన్ని చేతి అంచనాతో నిలపాలి. క్షౌరపు కత్తిలో మాత్రం వాదర, దానికి ఎదురుగా ఉండే లావాటి వీపు రెండూ ఒకేసారి రాతికి ఆనుతాయి గనుక కోణాన్ని కత్తే నిర్ణయిస్తుంది. 19 మిల్లీమీటర్ల వెడల్పు, 5.5 మిల్లీమీటర్ల వీపు ఉన్న కత్తికి ఆ కోణం 16, 17 డిగ్రీల మధ్య వస్తుంది. రాతి మీద వాదర ముందుకు, వీపు వెనుకగా సాగాలి. రెండు వైపులా సమంగా, చేతి బరువు మోపకుండా తీయాలి. మొదట ముతక రాయితో వాదరను నిలబెట్టి, క్రమంగా నున్నని రాళ్లకు మారతారు. చివరి మెరుగుకు బెల్జియం ఆర్డెన్ కొండల్లో దొరికే, సన్నని గోమేదక జాతి రేణువులు గల కోటిక్యూల్ అనే పసుపు రాయి ప్రపంచమంతటా పేరుపొందింది. తోలు మీద ఈ దిశ తారుమారవుతుంది: వీపు ముందు నడవాలి, వాదర వెనుక రావాలి, చివర తిప్పేటప్పుడు కత్తి వీపు మీదనే దొర్లాలి. వాదర మీద తిప్పితే తోలూ తెగుతుంది, పదునూ పోతుంది. కొత్తగా నేర్చుకునేవారి తోలుపట్టీల మీద కనిపించే కోతలు తరచూ ఈ పొరపాటువే.

మెత్తని వెంట్రుక గట్టి ఉక్కును ఎలా మొద్దుబారుస్తుందనే ప్రశ్నకు 2020లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థ పరిశోధకులు ‘సైన్స్’ పత్రికలో సమాధానం ఇచ్చారు. వెంట్రుక ఉక్కు కంటే సుమారు 50 రెట్లు మెత్తన. అయినా అది వాదరకు ఒక పక్కగా ఒరిగినప్పుడు, ఉక్కు నిర్మాణం అన్నిచోట్లా ఒకేలా లేని బిందువు వద్ద, సన్నని పెచ్చు ఊడుతుందని వారు చూపారు. అటువంటి పెచ్చు ఊడిన చోటును తోలు పూడ్చలేదు, రాయే కావాలి.

హైదరాబాదులో ఈ వృత్తికి రెండు భాషలున్నాయి. ఉర్దూలో క్షురకుడు హజాం, చేసే పని హజామత్, సానరాయి సిల్లీ, తోలుపట్టీ చమోటా. ఆయుధాలకు మెరుగుపెట్టి నూరేవాడు సైకల్‌గర్. నగరం పడమటి వైపు పెరిగినకొద్దీ ఈ మాటలూ పనిముట్లూ కొత్త పేటలకు చేరాయి. 1942లో స్థాపితమైన హైదరాబాద్ ఆల్విన్ వంటి కర్మాగారాలు సనత్‌నగర్‌ను కార్మికవాడగా మార్చాయి. పల్లెలో మేరకు పనిచేసిన చేతులకు ఇటువంటి పేటల్లో నగదు కూలి, అద్దె గది, అద్దం, కుర్చీ అమరాయి. కుర్చీ చేతికి వేలాడదీసిన తోలుపట్టీ చాలాకాలం దుకాణానికి గుర్తుగా నిలిచింది.

ఆ గుర్తును చెరిపినది పారవేయదగిన బ్లేడు. కింగ్ క్యాంప్ జిలెట్ రేజరు 1903లో అమ్మకానికి వచ్చినప్పుడు మొదటి ఏడాది అమ్ముడైనవి 51 రేజర్లు, 168 బ్లేడులే. స్వాతంత్ర్యానంతరం దేశీయ కర్మాగారాలు బ్లేడును చౌకచేశాయి. 1960ల నుంచి తుప్పుపట్టని ఉక్కు బ్లేడులు ప్రపంచ విపణిని ఆక్రమించాయి. దుకాణాల్లో మాత్రం పాత కత్తి మరికొంతకాలం నిలిచింది. 1986లో చెన్నైలో హెచ్‌ఐవీ జాడ బయటపడ్డాక, ఒకరి రక్తం తగిలిన కత్తి మరొకరికి తగలరాదన్న ప్రచారం ఊరూరా సాగడంతో, పాత కత్తి ఆకారంలోనే ఉండి బ్లేడు ముక్కను ఇముడ్చుకునే పిడి దాని స్థానంలోకి వచ్చింది. తిరుమల కల్యాణకట్టలో తలనీలాలు సమర్పించే భక్తులకు టోకెనుతో పాటు బ్లేడు ఇవ్వడం కూడా ఈ జాగ్రత్తకు చెందినదే. ఆరోగ్యరీత్యా ఈ మార్పు అవసరమైనదే. అయితే దీనితో పాటు కత్తి కొనే ఖర్చు ఒక్కసారితో తీరే కాలం పోయి, పదునును ప్రతిరోజూ కొనుక్కునే కాలం వచ్చింది. సానపట్టడం తెలిసిన పెద్దలకు ఆ విద్యను నేర్పే అవసరమే లేకపోయింది.

సనత్‌నగర్, అమీర్‌పేట, పంజాగుట్టల్లో నేడు గల్లీ సెలూన్లూ అద్దాల గొలుసు దుకాణాలూ పక్కపక్కనే నడుస్తున్నాయి. 2021 ఏప్రిల్ నుంచి తెలంగాణ ప్రభుత్వం నాయీ బ్రాహ్మణుల సెలూన్లకు నెలకు 250 యూనిట్ల వరకు ఉచిత విద్యుత్తు ప్రకటించింది. కొలిమి, రాయి, తోలు మీద ఆధారపడిన వృత్తి ఇప్పుడు కరెంటు మీటరు మీద ఆధారపడి ఉందనడానికి ఆ రాయితీయే నిదర్శనం. గడ్డానికి కూర్చున్న మనిషి ఎదుట క్షురకుడు కొత్త బ్లేడును కాగితంలో ఉండగానే వేళ్ల మధ్య వంచి రెండుగా విరుస్తాడు, ఒక సగాన్ని పిడిలోకి జార్చి, మరో సగాన్ని తరువాతి మనిషి కోసం పక్కన పెడతాడు.