ఊరి పండుగ, ఊరి పైసలు
(ఎడపల్లి పరిసరాలలో గ్రామ కమిటీల చరిత్ర)

నిజామాబాదు నుండి బోధనుకు పోయే దారిలో, జానకంపేట దాటిన తరువాత ఎడపల్లి వస్తుంది. ఈ ప్రాంతపు చరిత్ర వ్రాయువారు సాధారణముగా రెండు సంగతులు చెప్పి ముగిస్తారు. ఒకటి మంజీరపై 1931లో పూర్తయిన నిజాంసాగరు. రెండవది 1937లో స్థాపించబడిన నిజాం చక్కెర ఫ్యాక్టరీ. రెండూ గొప్పవే, కాదనలేము. అయితే ఆ నీటితో, ఆ చెరకుతో పల్లెలకు వచ్చిన పైసలలో కొంత ఊరి ఉమ్మడి సంచిలో కూడా పడినది. ఆ సంచి ఎవరి చేతిలో ఉండెను, దేనికి ఖర్చయినది అన్నది కూడా చరిత్రయే గదా! ఈ వ్యాసమున ఆ సంచి సంగతి చెప్పదలచినాను.

నిజాం ప్రభుత్వ కాలమున ఊరికి మాలీ పటేలు, పోలీసు పటేలు, పట్వారీ ఉండేవారు. శిస్తు సర్కారుది, లెక్క పట్వారీది. కాని ఊర పండుగ ఖర్చు సర్కారు లెక్కలలో ఇమిడేది కాదు. దానికి ఇంటికింత, నాగలికింత అని ఊరే పట్టీ వేసుకొనేది. వడ్లవారు కర్రతో అమ్మవారి ప్రతిమలు చెక్కాలి, కుమ్మరి కుండలివ్వాలి, చాకలి దివిటీ పట్టాలి, మాదిగవారు డప్పు కొట్టాలి. ప్రతి పనికి ఒక కులము, ప్రతి కులమునకు పంటలో ఒక వాటా. ఎవరు ముందు నడవాలి, ఎవరు వెనుక నిలవాలి అన్నది కూడా అందులోనే నిర్ణయమై ఉండేది. కాబట్టి పండుగ పద్దును చేతిలో పెట్టుకొన్నవాడు ఊరి మర్యాదలను కూడా చేతిలో పెట్టుకొన్నవాడే.

నిజామాబాదు పట్టణములో ఆషాఢ మాసమున జరిగే ఊర పండుగను చూచినవారికి ఈ మాట సులభముగా తెలియును. ఖిల్లా నుండి అమ్మవార్ల కర్ర ప్రతిమలు ఊరేగింపుగా బయలుదేరును. ‘సరి’ కొరకు జనము ఎగబడుదురు. దానిని ఇండ్ల మీద, పొలాలలో చల్లుకొంటే రోగాలు రావనీ, పంట బాగుంటుందనీ వారి నమ్మకము. అంత పెద్ద పట్టణములో, మునిసిపల్ కార్పొరేషను ఉండగా, ఈ పండుగను నడిపేది కార్పొరేషను కాదు, అన్ని కులాల ప్రతినిధులు కూర్చునే సర్వసమాజ్ కమిటీ.

1959లో షాద్‌నగరులో పంచాయతీ రాజ్ ఆరంభమైనది. 1964లో ఆంధ్రప్రదేశ్ గ్రామ పంచాయతీల చట్టము వచ్చినది. ఇంటి పన్ను, నీటి పన్ను, సంత వేలము, బడ్జెటు, ఆడిటు, అన్నియు పంచాయతీకి వచ్చినవి. పండుగ మాత్రము రాలేదు. 1984లో పటేలు, పట్వారీల వ్యవస్థ రద్దయినప్పుడు వారి దస్త్రాలు ప్రభుత్వమునకు పోయినవి గాని, ఊరిని ఒకచోట కూర్చోబెట్టే పెద్దరికము దస్త్రాలలో ఉండేది కాదు గదా. అది మన జిల్లాలో చాలా పల్లెలలో గ్రామాభివృద్ధి కమిటీల చేతికి చేరినది. వీటినే జనము ‘వీడీసీ’ అంటారు. కులానికి ఒకరిద్దరు చొప్పున సభ్యులు ఉంటారు. ఓటు పెట్టె ఉండదు. మొదటినుండి నడిచిన సర్వసమాజ్ పద్ధతే కొత్త పేరుతో వచ్చినదని నా అభిప్రాయము.

ఈ కమిటీలకు రాబడి ఎక్కడిది? మన ప్రాంతపు మాటలో చెప్పాలంటే హర్రాజు. కల్లు దుకాణము, కోడి మాంసము, మేక మాంసము, చెరువు చేపలు, చివరకు బెల్టు షాపు కూడా డప్పు చాటించి హర్రాజు వేస్తారు. ఎక్కువ పాడినవానికి ఆ సంవత్సరము హక్కు. ఇక్కడ ఒక విషయము గమనించాలి. కల్లు చెట్లకు లైసెన్సు ఇచ్చేది ఆబ్కారీ శాఖ. బెల్టు షాపుకు అసలు లైసెన్సే లేదు. తనది కాని హక్కును కమిటీ అమ్ముచున్నది. ఊరు దానిని కొనుచున్నది.

అయినా ఈ కమిటీలను ఊరకే తిట్టి పోవుట న్యాయము కాదు. ఆ పైసలతోనే గుడులు కట్టినారు, బడికి గదులు వేసినారు, మంచినీళ్ల బోర్లు తవ్వించినారు. ఆర్మూరు దగ్గరి అంకాపూరు విత్తన వ్యవసాయములో పేరు పొందినప్పుడు ఆ ఊరి కమిటీ కట్టుబాటును కూడా మెచ్చుకొన్నారు. పంచాయతీ బిల్లు పాసయ్యేలోగా కమిటీ పని అయిపోతుందని రైతులు అంటారు. అందులో నిజమున్నది. 2024 ఫిబ్రవరిలో సర్పంచుల గడువు ముగిసి ప్రత్యేకాధికారుల పాలన వచ్చినప్పుడు, పల్లెవాసులకు దగ్గరలో కనిపించిన పెద్దలు కమిటీవారే.

చిక్కు ఎక్కడనగా, ఈ సంచికి ఆడిటు లేదు, అప్పీలు లేదు. చందా ఇవ్వనివానికి, హర్రాజును ధిక్కరించినవానికి జుర్మానా. జుర్మానా కట్టకపోతే సాంఘిక బహిష్కారము. కిరాణా వాడు ఉప్పు ఇవ్వడు, మంగలి గడ్డము గీయడు, కూలికి ఎవరూ రారు, మాట్లాడినవానికి కూడా జుర్మానా. గౌడులను, ఇతర కులాలవారిని ఇట్లు వెలివేసిన వార్తలు మన జిల్లా నుండి పత్రికలలో అనేక పర్యాయములు వచ్చినవి. ఒక కుటుంబము మీద కోపముంటే పండుగ నాడు దాని బోనము ఆపితే చాలు, ఊరంతా అర్థము చేసుకొనును. పటేలు కాలపు ముందు వెనుకల మర్యాద ఇక్కడ శిక్షగా మారినది.

ఇది మన సంఘములకు కొత్త అనుభవము కాదు. తెలుగు దేశమున మాల, మాదిగ కుటుంబములు క్రైస్తవ సంఘములలో చేరిన తొలి రోజులలో ఊరితో వచ్చిన తగాదాలలో డప్పు తగాదా ఒకటి. గ్రామదేవత పండుగకు డప్పు కొట్టమన్నవారి పంట వాటాకు చిక్కు వచ్చేది. ఊరికి అది విశ్వాసపు ప్రశ్నగా కన్న పని ఎగవేతగా కనిపించినది. నేటి కమిటీ చందా పట్టీలో కూడా పండుగ ఖర్చు వేరు, బోరు ఖర్చు వేరు అని రెండు గీతలు గీసినచోట ఇటువంటి గొడవ తక్కువ. అంతా ఒకే పద్దుగా వసూలు చేసినచోట ఎక్కువ.

చట్టము లేకపోలేదు. దళితులను, గిరిజనులను సాంఘికముగా గాని ఆర్థికముగా గాని బహిష్కరించుట 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టమునకు 2015లో చేసిన సవరణ ప్రకారము నేరము. బోధనుకు ఆవలి ఒడ్డున ఉన్న మహారాష్ట్రము 2016లో అన్ని కులాలవారికి వర్తించే సాంఘిక బహిష్కార నిరోధక చట్టము చేసినది. కాని ఫిర్యాదు చేసినవాడు సాయంత్రము తిరిగి ఆ ఊరికే రావాలి.

ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడినది. చెరకు బిల్లుల కాలము పోయినది. పండుగ మాత్రము తగ్గలేదు. పండుగ అయిన పిమ్మట కమిటీ పెద్దలు గుడి ముందు కూర్చొని పొడవాటి పుస్తకము తీసి పద్దు చదువుతారు: మేకపోతుకు ఇంత, డప్పులకు ఇంత, కరెంటు లైట్లకు ఇంత, మిగులు ఇంత. పంచాయతీలో సగము స్థానములు స్త్రీలవి. ఈ పుస్తకము ముందు మాత్రము స్త్రీ కూర్చొనుట నేను చూడలేదు. ఉదయము బోనములు మోసినవారు గోడ పక్కన నిలబడి, తమ ఇంటి చందా సరిగా చదివినారా లేదా అని వింటూ ఉంటారు.