"బగ్స్" రాసుకున్న మహానుభావులు

1971లో వచ్చిన యునిక్స్ మొదటి మాన్యువల్‌లో "బగ్స్" అని ఓ భాగం ఉండేది. తమ ప్రోగ్రాముల్లో లొసుగుల్ని తామే రాసుకున్నారు, మహానుభావులు! చదివేది మనిషి కాబట్టి, అర్థం కాకపోతే పక్క సీటువాణ్ణి అడిగేవాడు.

1997లో మైక్రోసాఫ్ట్, ఇంట్యూట్, చెక్‌ఫ్రీ కలిసి ఓఎఫ్‌ఎక్స్ తెచ్చాయి. బ్యాంకు లెక్కలు ఇంటి కంప్యూటర్లోకి దిగాయి. ఆ స్పెసిఫికేషన్ చదివిందీ ప్రోగ్రామరే.

2024 నవంబరులో ఆంత్రోపిక్ ఎంసీపీని విడుదల చేశాక కథ మారింది. టూల్ వర్ణన చదివేది మోడలే, చదివి డబ్బు కట్టేదీ అదే. "మొత్తం" అని రాసి ఊరుకుంటే? చాలా పేమెంట్ ఏపీఐల్లో 500 అంటే అయిదు రూపాయలే, లెక్క పైసల్లో కాబట్టి. ఈఎంఐ గోవిందా! టైమవుట్ అయితే మళ్ళీ పిలవచ్చో లేదో రాయకపోతే, అద్దె రెండుసార్లు పోతుంది.

"డాక్యుమెంటేషన్ రేపు చూద్దాంలే" అంటామే, ఆ రేపటి ఖరీదు ఇప్పుడు ఎవరో ఒకరి జీతం. ఆ "బగ్స్" భాగం మళ్ళీ రాద్దామా?