కుండీలో గాలి

రెండేళ్ళ క్రితం ఇంటికి తెచ్చిన ఫాలెనాప్సిస్ ఆర్కిడ్‌కి నేను చేసిన మొదటి ఉపకారం, దాన్ని మంచి ఎర్రమట్టి నింపిన కుండీలోకి మార్చడం. అది కొన్నప్పుడు మట్టి బదులు చెక్కపేళ్ళలాంటివేవో ఉన్నాయి, పాపం అనిపించింది. రోజూ ఆఫీసు నుంచి రాగానే నీళ్ళు పోసేవాణ్ణి. నెలన్నరలో చచ్చిపోయింది. బయటికి లాగితే వేళ్ళు గోధుమరంగు పీచులా చేతికొచ్చాయి. తర్వాత చదువుతుంటే తెలిసింది, పంతొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండ్ కూడా దాదాపు ఇలాంటి ఉపకారమే చేసింది. కాకపోతే డ్యూకుల ఖర్చుతో, ఓడలకొద్దీ మొక్కలతో.

ఉష్ణమండలపు ఆర్కిడ్లలో ఎక్కువ భాగం నేలలో పెరగవు, చెట్లని పట్టుకుని పెరుగుతాయి. అలాగని చెట్టు రసం పీల్చవు. వానకి తడుస్తాయి, గాలికి ఆరతాయి, బెరడు సందుల్లో చేరిన చెత్తతో సరిపెట్టుకుంటాయి. ఈ తేడా మనకీ అంత సులువుగా పట్టలేదు. చెట్టు మీద ఇంకో మొక్క కనిపిస్తే ‘బదనిక’ అనేస్తాం. సంస్కృతంలో ‘వందా’ అన్నదీ అలాంటి మాటే. కలకత్తాలో ఉన్న విలియం జోన్స్ ఆ మాటనే ఒక ఆర్కిడ్‌కి పేరుగా వాడాడు. 1820లో రాబర్ట్ బ్రౌన్ దానికి రాక్స్‌బర్గ్ పేరు కలిపాడు. మన సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ తోట నడిపిన విలియం రాక్స్‌బర్గే ఈయన. ఇప్పుడు వండా టెస్సెల్లాటా అంటున్న ఆ మొక్క మన మామిడిచెట్ల మీద ఇప్పటికీ కనిపిస్తుంది. అంటే, ఎవరినీ దోచుకోని మొక్కకి పరాన్నజీవి పేరు స్థిరపడిపోయింది.

ఇంగ్లండ్ తోటమాలులు కూడా మొదట వీటిని పరాన్నజీవులనే అనుకున్నారు. అందుకని కుండీల్లో కుళ్ళిన చెక్క వేసి చూశారు, మట్టి వేసి చూశారు. ఆ కుండీలని ‘స్టవ్’ అని పిలిచే వేడి అద్దాల గదుల్లో పెట్టేవాళ్ళు. తోళ్ళ పరిశ్రమలో వాడి పారేసిన ఓక్ బెరడు పులుస్తూ వేడెక్కుతుంటే, ఆ పొట్టులో కుండీలు పాతేవాళ్ళు. అప్పటికే జోసెఫ్ బ్యాంక్స్ కొమ్మలతో అల్లిన బుట్టల్లో, నాచులో ఆర్కిడ్లని పెంచి చూపించాడు. అయినా 1830లో జాన్ లిండ్లీ లండన్ హార్టికల్చరల్ సొసైటీకి రాసిన వ్యాసంలో బాగా వేడి, నీడ, విపరీతమైన తేమ కావాలన్నాడు. ఆర్కిడ్ల విషయంలో ఆయన మాటకి తిరుగులేదు. ఉష్ణమండలం అంటే ఆవిరిగది అనుకున్నారు. ఆ అడవుల్లో కొండలుంటాయని, కొండ మీద చలేస్తుందని లెక్కలోకి రాలేదు. లిండ్లీ తర్వాత తన సలహా సవరించుకున్నాడు కానీ, ఆలోపే చాలా మొక్కలు ఉడికిపోయాయి.

మార్పు కొంత చాట్స్‌వర్త్‌లో మొదలైంది. డెవన్‌షైర్ డ్యూక్ తోటల పెద్ద జోసెఫ్ పాక్స్టన్ ఉష్ణోగ్రతలు కాస్త తగ్గించాడు, గదుల్లోకి గాలి రానిచ్చాడు. అదే డ్యూక్ 1835లో జాన్ గిబ్సన్ అనే తోటమాలిని ఇండియా పంపాడు. ఖాసీ కొండల్లో ఏరిన ఆర్కిడ్లతో గిబ్సన్ 1837లో తిరిగొచ్చాడు.

1850లో అవే కొండలకి జోసెఫ్ హుకర్ వెళ్ళాడు. నీలి వండా అక్కడ పొట్టి ఓక్ చెట్ల మీద, ఎండకీ గాలికీ చలికీ ఎదురుగా విరగబూసి ఉంది. మన దగ్గర దీన్ని చీకటి ఉక్కపోతలో పెంచుతున్నామే అని ఆశ్చర్యపోయాడు. ఆశ్చర్యపోయి, క్యూ తోటల కోసం ఏడుగురు మోసేంత మొక్కలు పీకించాడు. బతికి చేరినవి కొన్నే. వేరొకాయన పంపిన ఒక్క మనిషి మోత మాత్రం, దెబ్బతిన్న స్థితిలోనే, 300 పౌన్లకి అమ్ముడుపోయింది. మొక్క 3 నుంచి 10 పౌన్లు. అన్నీ బతికుంటే ఎంత వచ్చేదో కూడా హుకర్ లెక్కగట్టి రాసుకున్నాడు. నాకు ఈ చరిత్రలో మింగుడుపడనిది ఇదే. మొక్క ఎలా బతుకుతుందో కళ్ళారా చూసిన మనిషి కూడా దాన్ని చెట్టు మీదే వదిలి రాలేకపోయాడు.

ఆ తర్వాత కుండీలో నింపే సరుకు మారుతూ వచ్చింది. పీచు పీట్, స్ఫాగ్నమ్ నాచు, కుండపెంకులు, బొగ్గుముక్కలు, ఆస్మండా ఫెర్న్ వేళ్ళ పీచు. 1950ల్లో అమెరికాలో ఫర్ చెట్టు బెరడు ముక్కలొచ్చాయి. ఇప్పుడు మన నర్సరీల్లో కొబ్బరి చిప్సూ ఉంటాయి. ఒకప్పుడు కుండీ కింద వేడి కోసం వేసిన బెరడు చివరికి కుండీ లోపలికి చేరిందన్నమాట. పేర్లు ఎన్ని మారినా వాళ్ళు వెతికింది ఒక్కటే, సందులు. ఆర్కిడ్ వేరు మీద వెలమెన్ అనే స్పాంజిలాంటి పొర ఉంటుంది. తడి తగలగానే పీల్చుకుంటుంది, తర్వాత గాలికి ఆరాలి. ఆరకపోతే వేరుకి ఊపిరాడదు, కుళ్ళుతుంది.

కుండీ ఎప్పుడు మార్చాలన్న ప్రశ్నకి జవాబు కూడా ఇక్కడే ఉంది. బెరడు ఏడాది రెండేళ్ళలో మెత్తబడి మట్టిలా అయిపోతుంది, సందులు మూసుకుపోతాయి. అప్పుడు మార్చాలి. పూలు రాలిపోయాక, కొత్త వేళ్ళ కొసలు పచ్చగా కనిపించినప్పుడైతే మంచిది. పాత సరుకంతా దులిపెయ్యాలి. మెత్తబడ్డ వేళ్ళని శుభ్రం చేసిన కత్తెరతో తీసేసి, గట్టివి ఉంచాలి. కుండీ పెద్దది అక్కర్లేదు, వేళ్ళు పట్టేంత చాలు. మొదలు పూడ్చకూడదు. నీళ్ళు కొన్నాళ్ళు పొదుపుగా పొయ్యాలి.

నా రెండో ఆర్కిడ్‌కి పోయిన నెల ఇదంతా చేశాను. ఒక వేరు కుండీ అంచు దాటి బయటికి వచ్చేసింది. లోపలికి తొయ్యబోయి ఆగాను. గాల్లోనే ఉంది, వెండిరంగులో. నీళ్ళు చిలకరిస్తే పచ్చబడుతుంది, కాసేపటికి ఆరిపోతుంది.